తువ్వాలు కింద బేరం

నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడం, సంతలో నేను ఏం చూసుకోవాలి? మాకిచ్చిన పుస్తకంలో అంతా రసీదుల సంగతే ఉంది" అంది. ఫోన్లో చెప్పగలిగినంత చెప్పాను గానీ తృప్తి కలగలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను మార్కెట్ కమిటీల్లో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కొన్నేళ్లు హిందూపురంలో చింతపండు బస్తాల మధ్య, కొన్నేళ్లు ధర్మవరంలో, చివరి ఏళ్లు పెనుకొండ వైపు ఒక గొర్రెల సంతలో. ఆ సంత ఏ ఊరిదో రాయను. ఆ ఊరివాళ్లు నన్ను ఇప్పటికీ పెళ్లిళ్లకు పిలుస్తారు, ఆ పిలుపులు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

బి.ఏ.లో మా లెక్చరర్ గారు బోర్డు మీద రెండు గీతలు గీసేవారు. ఒకటి కొనేవాళ్లది, ఒకటి అమ్మేవాళ్లది. రెండూ ఎక్కడ కలిస్తే అక్కడ ధర. పరీక్షలో ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ గీతల్ని పట్టుకుని లాగే చేతులు ఎవరివో మాత్రం ఉద్యోగంలో చేరేదాకా తెలియలేదు. బొమ్మ తప్పని అనడం లేదు. దానిలో ఒక్క సంగతి లేదంటున్నాను: అమ్మడానికి వచ్చిన మనిషి నచ్చకపోతే అమ్మకుండా ఇంటికి పోగలదా, పోలేదా. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

చేతులు కలిపేవాళ్లు

మా సంత శనివారం. తెల్లవారుతుండగానే జీవాలు వచ్చేవి. జీవాలంటే మా వైపు గొర్రెలు, మేకలు. ఎండ ఎక్కేసరికి అమ్మకాలు అయిపోయి దుమ్మూ పెంటికలూ మిగిలేవి. పెద్ద బేరమేదీ నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, లోపల వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే ఎంతో వాళ్లిద్దరికీ తెలుసు. పైకి వినిపించేది "ఊఁ" అనో "ఊహూఁ" అనో, అంతే. చుట్టూ జనం నిలబడి మొహాలు చూస్తుంటారు గానీ ఎంతకు తెగిందో ఒక్కడికీ తెలియదు.

కొత్తలో నాకిది ఒళ్లుమంటగా ఉండేది. కొన్న ధరను బట్టి కొనేవాడు మా కమిటీకి సెస్సు కట్టాలి. ధరెంత అని అడిగితే వ్యాపారి ఆకాశం వైపు చూసి ఒక అంకె చెప్పేవాడు. నేను పొట్టేలు వైపు చూసేదాన్ని. ఆ పొట్టేలు కూడా నమ్మినట్టు కనిపించేది కాదు.

సంతలో పెద్ద కొనుగోలుదారులు నలుగురు. వాళ్లలో పెద్దాయన నంజుండప్ప, హిందూపురం మనిషి, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు. "ఏమప్పా నంజుండప్పా, ఇంత పొట్టేలు అంత తక్కువకా?" అని నేను అడిగితే, "లోపల ఏం జరిగిందో తువ్వాలునే అడగండి మేడం" అని నవ్వేవాడు. నేను రసీదు చించి చేతికిచ్చేదాన్ని.

ఆ తువ్వాలు వల్ల అమ్మేవాళ్లకు మేలు కూడా ఉందని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. అమ్మేవాడు ఒకరి తర్వాత ఒకరితో చెయ్యి కలుపుతాడు. ముందువాడు ఎంతకు అడిగాడో తర్వాతివాడికి తెలియదు. పోటీవాడు ఎక్కువ చెప్పి పట్టుకుపోతాడేమో అని భయపడి ఇంకో వేలు పట్టుకుంటాడు. ఆ భయమే అమ్మేవాడికి దక్కే ధర.

రత్నమ్మ

ఆ మేలు రత్నమ్మకు దక్కేది కాదు. ఆమెది చిలమత్తూరు దారిలో, సంతకు దగ్గరలోనే ఒక చిన్న ఊరు. దొడ్డిలో గొర్రెలు పెట్టుకుని, బక్రీదుకు పొట్టేళ్లు మేపి అమ్మేది. ఆడమనిషి పరాయి మగవాడి చేతిలో చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకోనివ్వడం మా వైపు జరిగే పని కాదు. కాబట్టి ఆమె జీవాలను దళారి చేతికి అప్పగించి దూరంగా నిలబడేది. బేరం అయ్యాక ఆ దళారి ఆమెకు ఒక ధర చెప్పి, అందులో తన కమిషన్ తీసుకుని మిగతాది ఇచ్చేవాడు.

ఒకరోజు నా బల్ల దగ్గరకు వచ్చింది. "మేడం, ఆయప్ప లోపల ఏం చెప్పినాడో, నాకు బయట ఏం చెప్తాండాడో యాడ తెలుస్తుంది? నేను ఆడ గుంజ మాదిరి నిలబడుకోనుండాను" అంది. కోపంగా అనలేదు, అలిసిపోయి అంది.

"వేరే దళారిని చూసుకోరాదా?" అన్నాను.

"అందరూ ఒగటే మేడం. మా ఆయన బెంగుళూర్లో సెంట్రింగ్ పని చేస్తాండాడు. నువ్వూ పాపా వచ్చేయండి, ఈడే షెడ్డులో ఉందాం అంటాండాడు. బక్రీదు దాకా చూస్తానని చెప్పినా. ఈసారి కూడా వాళ్ల నోటికొచ్చిన ధరకు ఇచ్చుకోవల్సి వస్తే దొడ్డి మూసేసి పోతా. పాప బడి అంతటితో సరి."

ఇలాంటి మాటలు సంతలో ప్రతి వారం వినపడతాయి. అన్నిటికీ కదిలిపోతే ఉద్యోగం చెయ్యలేం. అయినా ఆ రోజు బస్సులో ధర్మవరంలోని మా ఇంటికి తిరిగి పోతున్నంతసేపూ ఆ అమ్మాయి బడి గురించే ఆలోచించాను. నేను చదువుకోబట్టే కదా ఆ బల్ల వెనక కూర్చున్నాను.

బోర్డు

అప్పుడే మాకు ప్రకాశ్ గారు సెక్రటరీగా వచ్చారు. బాగా చదువుకున్నవాడు, లంచం తినడు, కింది ఉద్యోగి చెప్పింది వింటాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండడం నా సర్వీసులో నేను మళ్లీ చూడలేదు. రత్నమ్మ సంగతి చెబితే ఆయన వెంటనే, "ఈ తువ్వాలు వ్యవహారం తీసేద్దాం మేడం. బేరం నోటితో చేయమందాం. ఎవరు ఎంతకు కొన్నారో పేరుతో సహా అప్పటికప్పుడు బోర్డు మీద రాద్దాం. అందరికీ అన్నీ తెలుస్తాయి, మోసం పోతుంది" అన్నారు. నాకు పండగలా అనిపించింది. సెస్సు కూడా సరిగ్గా వస్తుంది. మొదటి అంకె నా చేత్తోనే రాశాను.

రెండు మూడు వారాలు సంత కళకళలాడింది. ఆ తర్వాత ధరలు మెల్లగా జారడం మొదలుపెట్టాయి. కదిరిలో బాగా పలుకుతున్న పొట్టేలు మా దగ్గర నీరసంగా అమ్ముడుపోయేది. మేతకు కరువు లేదు, జీవాలు ఎక్కువ రాలేదు, పండగ దగ్గర పడుతోంది. పుస్తకం ప్రకారం ధర పెరగాలి. నాకు అర్థం కాలేదు.

ఒక శనివారం గమనించాను. నంజుండప్ప జీవాల వైపు చూడటమే లేదు. టీ అంగడి బల్ల మీద కూర్చుని బోర్డు వైపు చూస్తున్నాడు. ఆ నలుగురిలో ఒకాయన మంచి పొట్టేలు కనపడి కాస్త ఎక్కువ పెట్టాడు. నేను అంకె రాశానో లేదో, నంజుండప్ప ఆయన్ని పక్కకు పిలిచి గట్టిగా ఏదో అన్నాడు. ఆయన తల వంచుకుని పోయాడు. ఆ రోజంతా మళ్లీ ఎక్కువ పెట్టలేదు.

సంత ముగిశాక నంజుండప్పను నేరుగా అడిగాను. ఆయన దాచలేదు. దాచే అవసరం లేనంత ధీమాగా ఉన్నాడు.

"మేడం, ధర పెంచకుండా ఉందామని మేము నలుగురం ఎన్నేండ్లనుంచో ఒట్లు పెట్టుకుంటాండాం. తువ్వాలు కింద ఎవడూ ఒట్టు నిలబెట్టుకోలా. నేనూ నిలబెట్టుకోలా. ఎవడు తప్పినాడో తెలిస్తే గదా అడిగేది. ఇప్పుడు మీ బోర్డు మాకు కాపలా కాస్తాండాది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆయన మీద మాత్రం కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. వ్యాపారి తక్కువకు కొనాలనే చూస్తాడు, అది తప్పని తిట్టుకుంటూ కూర్చుంటే మనకు ఏమీ అర్థం కాదు. వాళ్లు ఒకరి మీద ఒకరు పోటీ పడేలా చేయడం మన పని, మేము ఆ పోటీనే చంపేశాం.

ఆ వారమే రత్నమ్మ రెండు ముసలి గొర్రెల్ని అమ్ముకుంది. పోతూ పోతూ నాతో, "ముందు ఎంతకు మోసపోయినానో తెలీకుండె మేడం. ఇప్పుడు బోర్డు మీద చదువుకోని మోసపోతాండా" అంది.

నేను ఇదంతా ప్రకాశ్ గారికి చెప్పాను. ఆయన ఒప్పుకోరేమో అనుకున్నాను. బోర్డు ఫోటో అప్పటికే పై ఆఫీసుకు పంపించి మెప్పు పొందారు మరి. ఆయన మాత్రం, "మంచి పని అనుకున్నాం. మనది పొరపాటు. తీసేద్దాం" అన్నారు. తర్వాత ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ధరలు తెలియడం మంచిదే, అయితే ఎవరికి ఏది తెలియాలి? అమ్మేవాళ్లకు బయట సంతల ధర తెలియాలి. కొనేవాళ్లలో ఒకరి బేరం ఇంకొకరికి తెలియకూడదు. అందుకని పేర్లు తుడిచేశాం, ఆ రోజు ధరలూ తుడిచేశాం. గడిచిన వారం కదిరిలో, హిందూపురంలో ఏ రకం జీవం ఎంతకు పలికిందో అది మాత్రం రాయడం మొదలుపెట్టాం. తువ్వాళ్లు మళ్లీ భుజాల మీదకు వచ్చాయి.

సెస్సు ఎవరు కడతారు

ఇక్కడ పన్ను గురించి ఒక మాట. చట్టంలో సెస్సు కొనేవాడు కట్టాలని ఉంటుంది. పరీక్షలో అలాగే రాయండి. సంతలో మాత్రం అడిగి తెలుసుకోండి. రత్నమ్మ నన్ను అడిగింది: "కట్టేది కొనేటాయప్ప అంటారు. మరి దానికని నా ధరలో ఏంటికి తగ్గిస్తాండాడు?"

నంజుండప్పకు లారీ ఉంది. ఇక్కడ గిట్టకపోతే రేపు ఇంకో సంతకు పోతాడు. రత్నమ్మ పొట్టేళ్లను తోలుకుని నడిచి వచ్చింది, మళ్లీ నడిపించుకుపోతే అవి తగ్గిపోతాయి, మేత ఖర్చు. తప్పించుకోగలిగినవాడు పన్నును పక్కవాడి మీదకు తోసేస్తాడు. కదలలేని మనిషి మోస్తుంది. రసీదు మీద ఎవరి పేరు ఉందన్నది దానికి సంబంధం లేని సంగతి.

ఆ రోజుల్లోనే ఆదాయం పెంచమని పై నుంచి ఒత్తిడి వచ్చింది. బయటి లారీలకు గేటు రుసుం పెంచాం. ఏమైంది? బేరాలు గేటు బయటికి, బెంగుళూరు రోడ్డు పక్కకు పోయాయి. నేనూ ఇద్దరు సిబ్బందీ రసీదు పుస్తకాలు పట్టుకుని గొర్రెల వెంట పరుగెత్తాం. గొర్రెలు మాకంటే బాగా పరుగెత్తుతాయి. లోపల నీళ్లూ నీడా పెట్టుకుని, ఖాళీగా మిగిలిన సంతను చూస్తే నాకు ఏడుపొచ్చింది. హిందూపురం చింతపండు యార్డులో పాత వ్యాపారులు ఎప్పుడో చెప్పారు, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న ఊరికి పన్ను వేసేటప్పుడు అవతలి ఊరి పన్ను కూడా చూసుకోవాలని. మేం చూసుకోలేదు.

మా ఇంట్లో పట్టు గొడవ

సంతలోకి బయటివాళ్లను రానివ్వాలా వద్దా అన్న తగువు చెప్పేముందు మా ఇంటి తగువు చెప్పాలి. మా తమ్ముడు మగ్గం వదిలేసి, హిందూపురం పక్కన మామగారి పొలంలో మల్బరీ వేసి పట్టుగూళ్లు పండిస్తాడు. మా మరిది ధర్మవరంలో ఇప్పటికీ చీరలు నేస్తాడు. ఇద్దరూ మా ఇంట్లో భోజనానికి కలిశారంటే చైనా పట్టు మీద గొడవే.

"బయటి పట్టు మీద పన్ను బాగా ఎక్కియ్యల్ల. అది అగ్గువకు వస్తే మా గూళ్లు ఎవురు కొంటారు?" అంటాడు తమ్ముడు.

"దారం ధర ఇట్ల ఉంటే నేను మగ్గం ఎట్ల ఆడిచ్చేది? నువ్వొచ్చి నేస్తావా?" అంటాడు మరిది.

ఇద్దరూ నా వైపు చూస్తారు, మార్కెట్ ఉద్యోగం కదా అని. ఒకసారి విసిగిపోయి, "మీ ఇద్దరి సంగతి సరే. ఆ చీర కొనేదాని గురించి ఒక్కరైనా మాట్లాడారా?" అన్నాను. మా ఆయన బడిపంతులు, పప్పు వడ్డించుకుంటూ, "కొనేదాని మొగుడి గురించి కూడా మాట్లాడండి" అన్నాడు.

ఆ తగువు తీరేది కాదు, ఇద్దరి మాటలోనూ నిజముంది. నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎవరైనా బయటి సరుకును ఆపమనో, రానివ్వమనో అడిగితే, ఆ గదిలో లేనివాళ్లు ఎవరో ముందు చూసుకోవాలి.

గదిలోకి పిలిచిన మనిషి

బక్రీదు ఇంకా కొన్ని వారాలుందనగా నంజుండప్ప, తక్కిన ముగ్గురూ, కొందరు మటన్ అంగళ్లవాళ్లూ కలిసి ప్రకాశ్ గారి దగ్గరకు వచ్చారు. బాగేపల్లి, చిక్కబళ్లాపురం వైపు వ్యాపారుల్ని సంతలోకి రానివ్వకూడదని వాళ్ల కోరిక. పండక్కి ముందు శనివారం రత్నమ్మకు ఉన్న ఒకే ఆశ ఆ వ్యాపారులే. నలుగురే కొనేవాళ్లుంటే తువ్వాలు ఉన్నా ఆమెకు పెద్దగా ఒరిగేది లేదు. అందుకని నేను ముందుగానే ఆమెకు కబురు పెట్టి, అదే సమయానికి ఆఫీసుకు రమ్మన్నాను. రూల్సులో అలాంటిదేమీ లేదు. కూడదని కూడా లేదు.

"మన జీవాలు మన ఊళ్లోనే ఉండల్ల సార్" అన్నాడు నంజుండప్ప. "ఆ కర్ణాటకోళ్లు వచ్చి ధర ఎక్కించేస్తే మన జనం మటన్ ఎట్ల తినేది? బీదాబిక్కీ ఏమైపోవల్ల?"

ఆ మాట అబద్ధం కాదు. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టం. ప్రకాశ్ గారు గుమ్మం దగ్గర నిలబడ్డ రత్నమ్మ వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నారు.

ఆమె కొంగు సరిచేసుకుంది. "జనం చౌకగా తినల్ల అంటే సరే సార్. నేనూ జనమే గదా. ఆ చౌకంతా నా దొడ్డిలోనించే ఏంటికి తియ్యల్ల?"

నంజుండప్ప ముందుగా నవ్వేశాడు, "బాగా అడిగినావక్కా" అని. కోరిక మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ప్రకాశ్ గారు ఎవరినీ ఆపలేదు. అంతకంటే ఇంకో అడుగు వేశారు. పై ఆఫీసుతో వాదించి లారీల గేటు రుసుం తీసేయించారు. లారీలు ఆగడానికి చోటు చదును చేయించారు. సరిహద్దు అవతలి వ్యాపారులకు నేనే ఫోన్లు చేశాను, నాకొచ్చిన కన్నడంతో. రోడ్డు పక్కకు పోయిన బేరాలు ఒక్కొక్కటిగా లోపలికి వచ్చేశాయి, సెస్సు కూడా వాటితోపాటే వచ్చింది.

నష్టం ఎవరికీ లేదని చెప్పను. మా వైపంతా మటన్ ధర పెరిగింది. మా ఆయన ఆదివారం ఆదివారం నన్ను సాధించాడు, అంతా నా వల్లే అయినట్టు. వారం మార్చి వారం వండడం మొదలుపెట్టాను.

క్యాలిక్యులేటర్

ఇంకొక చిక్కు మిగిలింది. కొనేవాళ్లు ఎంతమంది వచ్చినా రత్నమ్మ చెయ్యి తువ్వాలు కిందికి పోదు. మళ్లీ దళారే గతి. ఒక శనివారం నేను లెక్కల్లో తలమునకలై ఉంటే వచ్చి అదే మాట మొదలుపెట్టింది. నాకు విసుగొచ్చింది. బల్ల మీద క్యాలిక్యులేటర్ తీసి ఆమె ముందుకు తోశాను.

"చేతులు కలపలేకపోతే వదిలెయ్. నీ అంకె దీంట్లో కొట్టి చూపించు. చెరిపేసి ఆయన అంకె ఆయన్ని కొట్టమను. కొంగు అడ్డం పెట్టుకో, ఎవరికీ కనపడదు."

విసుగులో అన్న మాట అది. ఆమె దాన్ని తీసుకుని, "ఇది ఇస్తారా మేడం?" అంది. సాయంత్రానికి తెచ్చివ్వమన్నాను. మొదట్లో మగవాళ్లు నవ్వారు. ఒక ముసలి వ్యాపారి, "నాకు ఈ పెట్టె వద్దు తల్లీ, నోటితో చెప్పు" అని మొండికేశాడు. ఆమె చెప్పలేదు. పొట్టేలు కావాల్సినవాడు కళ్లద్దాలు పెట్టుకుని అంకెలు కొట్టాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్లు తమ ఫోన్లలోనే అంకెలు కొట్టి చూపిస్తున్నారు. నా క్యాలిక్యులేటర్ బటన్లు అరిగి, నాలుగు కొడితే రెండు నాలుగులు పడేవి. ఆఫీసు డబ్బుతో కొత్తది అడగడానికి మొహం చెల్లక నేనే కొనుక్కున్నాను.

పండక్కి ముందు శనివారం

ఆ రోజు సంత నిండిపోయింది. అవతలి వైపు లారీలు వరసగా నిలబడ్డాయి. రత్నమ్మ ఏడాదంతా మేపిన పొట్టేళ్లతో వచ్చింది. కొమ్ములకు నూనె రాసి, మెడలో గంటలు కట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందురోజు రాత్రి ఆమె భర్త ఫోన్ చేశాడట, షెడ్డులో చోటు ఖాళీ అయింది, మాట ఇచ్చేయమంటావా అని. శనివారం సాయంత్రం చెప్తానందట.

నంజుండప్ప వచ్చి అంకె కొట్టాడు. ఆమె చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకోటి కొట్టాడు. మళ్లీ తల ఊపింది. ఆయన పోయాడు. బాగేపల్లి నుంచి వచ్చిన రహమాన్ సాబ్ అనే వ్యాపారి వచ్చి, పొట్టేళ్ల నడుములు తడిమి, తన అంకె కొట్టాడు. దానికీ ఒప్పుకోలేదు. ఆయనా పోయాడు. ఎండ ఎక్కింది. పక్కవాళ్లవి అమ్ముడుపోతున్నాయి. బల్ల వదిలి ఆమె దగ్గరకు పోయాను.

"రత్నమ్మా, వచ్చినదానికి ఇచ్చెయ్. మధ్యాహ్నమైతే ఎవరూ ఉండరు."

"పోయిన వారం కదిరి ధర బోర్డు మీద ఉండాది గదా మేడం. దానికి తక్కువకు నేనియ్యను. పండక్కి ఇంకా దినాలుండాయి. ఆటో మాట్లాడుకోని కదిరికే పోతా."

ఇన్నేళ్ల సర్వీసులో అమ్మేవాళ్లు ఏడవడం చూశాను, తిట్టడం చూశాను, కాళ్లు పట్టుకోవడం కూడా చూశాను. ధర నచ్చలేదని వెనక్కి పోవడం మాత్రం చూడలేదు. ఆమె తాడు మణికట్టుకు చుట్టుకుని పొట్టేళ్లను తోలుకుంటూ గేటు వైపు నడిచింది. నాకు భయమేసింది, గర్వంగా కూడా అనిపించింది. ఈ బేరం తప్పిపోతే ఆమె కూతురి బడి పోతుంది, దానికి నా క్యాలిక్యులేటర్ కూడా కారణమవుతుంది అనుకున్నాను.

గేటు దాటలేదు. "ఆగక్కా" అని నంజుండప్ప కేక వేశాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాడు. ఆయన లేవడం చూసి రహమాన్ సాబ్ లారీ దిగి వచ్చాడు. ఆమె ఇద్దరి మధ్యలో నిలబడి, కొంగు చాటున ఒకసారి ఇటు, ఒకసారి అటు అంకెలు చూపించింది. ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి తాడు రహమాన్ సాబ్ చేతిలో పెట్టింది. నంజుండప్ప తువ్వాలు దులుపుకుని, "దేవరే, ఈమెతో అయ్యేది కాదు" అంటూ దేవుణ్ణి తలుచుకుని పోయాడు.

ఎంతకు తెగిందో నాకు ఇప్పటికీ తెలియదు. రహమాన్ సాబ్ నాకు ఒక అంకె చెప్పాడు, అది రసీదులో రాశాను, దాన్ని నేనైతే నమ్మలేదు.

రత్నమ్మ అక్కడే గేటు పక్కన నిలబడి ఫోన్ చేసింది. సంతలో గోల కదా, గట్టిగా అరిచి మాట్లాడింది. సంతంతా విన్నది. "షెడ్డు వద్దని చెప్పు. నేను రాను. పాపకు బడి ఉండాది. నువ్వే వచ్చేయ్, ఈడ జీవాల దగ్గర మనిషి కావల్ల." అవతల ఆయన ఏమన్నాడో గానీ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంది. నేను బల్ల దగ్గరకు పోయి తల వంచుకుని రసీదులు సర్దుకున్నాను, నా కళ్లు ఎవరికీ కనపడకూడదని.

నా చివరి ఏడాది

రత్నమ్మ భర్త వచ్చేశాడు. ఒక్కసారిగా కాదు, నడుమ రెండుసార్లు మళ్లీ బెంగుళూరు పోయి, వర్షాలు పడ్డాక వచ్చి నిలిచాడు. పాప పది పాసై, పెనుకొండలో ఇంటర్‌లో చేరింది. అన్నీ ఇలాగే జరుగుతాయని మీకు చెప్పను. ఆ ఏడాదే ఇంకో రెండు ఇళ్లవాళ్లు దొడ్లు మూసి పోయారు, మేం చేసింది వాళ్లకు అందలేదు. కానీ ప్రకాశ్ గారు తన పొరపాటును తానే తుడిచేయకపోయి ఉంటే, ఈమె కూడా పోయేదే. పై అధికారిలో నేను చూసిన అన్నిటికంటే గొప్ప గుణం అదే.

నేను రిటైరయ్యే ముందు ఒక శనివారం రత్నమ్మ ఖాళీ చేతులతో నా బల్ల దగ్గరకు వచ్చింది. మొహం చిటపటలాడుతోంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం ధరలు మేడం ఇవి? చిన్న పిల్లకు ఇంత చెప్తాండారు. మేపేటోళ్లం బతకల్లనా వద్దా? మీరు ఏమన్నా చెయ్యల్ల."

ఆ రోజు ఆమె అమ్మడానికి రాలేదు. దొడ్డి పెంచుకోవడానికి గొర్రెపిల్లల్ని కొనడానికి వచ్చింది. నాకు నవ్వాగలేదు. "నేనేం చెయ్యను రత్నమ్మా" అన్నాను. ఆమె అలిగి వెళ్లిపోయింది.

గేటు దగ్గర ఒక పడుచు పిల్ల రెండు గొర్రెపిల్లల్ని పట్టుకుని నిలబడి ఉంది. రత్నమ్మ తన ఫోన్లో అంకె కొట్టి చూపించింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. రత్నమ్మ ఇంకోటి కొట్టింది. ఆ పిల్ల గొర్రెపిల్లల్ని రెండింటినీ చంకల్లో ఇరికించుకుని రోడ్డు వైపు నడిచింది. రత్నమ్మ కాసేపు పట్టుదలగా అక్కడే నిలబడింది. తర్వాత కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని ఆమె వెనకాల పరుగెత్తింది.